పడవకు కప్పు ఎంత ఉండాలి?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



స్వర్ణోత్సవం కదా, నాలుగు పాత జ్ఞాపకాలు చెప్పి దిగిపోదామని వచ్చాను. కార్యదర్శిగారు ఒప్పుకోలేదు. "జ్ఞాపకాలు చెప్పడానికి చాలామంది ఉన్నారు. నువ్వు చేసే పనేమిటో పిల్లలకు అర్థమయ్యేట్టు చెప్పు" అన్నారు. నేను చేసేది పడవల డిజైను. ముప్పై ఏళ్లుగా ప్రయాణికుల లాంచీలు, చిన్న విహార నౌకలు గీస్తున్నాను. కొండ మీద పెరిగినవాడికి పడవలతో ఏం పని అని మీకు అనిపించవచ్చు. మా నాయన కూడా అదే అడిగాడు. నిజమే, చిన్నప్పుడు మనం చూసిన పడవ ఒక్కటే, ఫాల్గుణ మాసంలో స్వామి పుష్కరిణిలో తిరిగే తెప్ప. ఇప్పుడు మాత్రం సముద్రం మనకు పరాయిది కాదు. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా ఏర్పడ్డాక శ్రీహరికోట తీరం, పులికాట్ సరస్సు మన జిల్లాలోకే వచ్చాయి.

ఈరోజు ఒకే ఒక్క విషయం తీసుకుంటాను. పడవలో మనిషి కూర్చునే చోటుకు కప్పు ఉండాలా? ఉంటే చుట్టూ గోడలు కూడా ఉండాలా? వినడానికి ఇల్లు కట్టుకునేటప్పుడు వసారా గురించి మాట్లాడుకున్నట్టే ఉంటుంది. కానీ మన గోదావరి మీద ఈ ప్రశ్న మనుషుల ప్రాణాల దాకా వెళ్లింది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు మాటలు సర్దుకుందాం. క్రూజింగ్ బోటు అంటే అందులోనే వండుకుని, పడుకుని, రోజులూ నెలలూ తిరిగే పడవ. తెరచాప ఉన్నదైనా, ఇంజను మీద నడిచేదైనా సరే. దాన్ని నడిపే మనిషి కూర్చునే చోటును కాక్‌పిట్ అంటారు. మనకు ఆ మాట వినగానే విమానం గుర్తుకొస్తుంది గానీ, విమానాలు పుట్టకముందే ఆ మాట పడవల్లో ఉంది. డెక్కు మీద గుంట తవ్వినట్టుగా ఉంటుంది. చుట్టూ బెంచీలు, మధ్యలో చుక్కాని తిప్పే చక్రం.

ఈ గుంటకు మూడు రకాల ఏర్పాట్లున్నాయి. మొదటిది పూర్తిగా తెరిచి ఉన్నది. రెండోది హార్డ్‌టాప్, అంటే స్తంభాల మీద గట్టి కప్పు ఉండి పక్కలు తెరిచి ఉన్నది. మూడోది నాలుగు వైపులా మూసి ఉన్నది. ఈ మూడూ తిరుమల పిల్లలకు బాగా తెలిసినవే. మాడ వీధిలో వాహనం కోసం పొద్దుటి నుంచి ఎండకూ వానకూ కూర్చోవడం మొదటిది. అలిపిరి మెట్ల దారిలో కప్పు కింద గాలి తగులుతూ నడవడం రెండోది. వైకుంఠం కాంప్లెక్సులో కంపార్ట్‌మెంటు మూడోది. కంపార్ట్‌మెంటులో కూర్చున్నప్పుడు ఎండా లేదు, వానా లేదు. అయినా అందరి కళ్లూ ఎక్కడుంటాయి? తలుపు మీద. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, నా ప్రసంగమంతా దాని గురించే.

తెరిచి ఉన్న కాక్‌పిట్ సంగతి ముందు చూద్దాం. తెరచాప పడవ నడిపేవాడికి కళ్లు, చెవులు, చర్మం మూడూ పనిముట్లే. గాలి దిక్కు మారితే మీటరు చూపించకముందే చెంప మీద తెలుస్తుంది. తల ఎత్తితే తెరచాప కనిపిస్తుంది. వెనక ఎవరైనా నీళ్లలో పడి కేక వేస్తే వినిపిస్తుంది. పడవ ఒరిగితే బయటపడటానికి అడ్డమేమీ లేదు.

ప్రపంచాన్ని ఎక్కడా ఆగకుండా ఒంటరిగా మొదటిసారి చుట్టి వచ్చిన పడవ సుహైలీ. దాన్ని కట్టింది బొంబాయిలో, టేకు చెక్కతో, 32 అడుగుల పొడవు. రాబిన్ నాక్స్ జాన్‌స్టన్ దానిలో 1968 జూన్ 14న ఇంగ్లండులో బయలుదేరి 1969 ఏప్రిల్ 22న తిరిగి వచ్చాడు. దాని కాక్‌పిట్ తెరిచి ఉన్నదే, బాగా చిన్నది కూడా. చిన్నదిగా ఎందుకు? పెద్ద అల వచ్చి గుంట నిండితే ఎంత బరువో లెక్క వేయండి. రెండున్నర మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, అర మీటరు లోతు ఉంటే రెండున్నర ఘనపు మీటర్లు, అంటే 2,500 కిలోల నీళ్లు. పడవ వెనక భాగం మీద ఒక చిన్న లారీ ఎక్కి కూర్చున్నట్టు. ఆ నీళ్లు దిగిపోయేలోపు ఇంకో అల వస్తే కష్టం. కాక్‌పిట్‌లో నీళ్లు ఎంత వేగంగా బయటకు పోవాలో చెప్పడానికి ఐఎస్ఓ 11812 అని ఒక ప్రమాణమే ఉంది.

మన తెలుగు అమ్మాయిలు కూడా ఇలాంటి ప్రయాణం చేశారు. నౌకాదళం వారి ఐఎన్ఎస్‌వీ తారిణి గోవాలో కట్టిన 56 అడుగుల తెరచాప పడవ. 2017 సెప్టెంబర్ 10న ఆరుగురు మహిళా అధికారులు గోవా నుంచి బయలుదేరి, ప్రపంచం చుట్టి 2018 మే 21న తిరిగి వచ్చారు. వారిలో విశాఖపట్నం స్వాతి పాతర్లపల్లి, హైదరాబాదు ఐశ్వర్య బొడ్డపాటి ఉన్నారు. ఆ ప్రయాణం ఫొటోలు చూడండి. దక్షిణ సముద్రంలో చక్రం దగ్గర నిలబడ్డవారు నెత్తి నుంచి పాదాల దాకా వానకోట్లలో ఉంటారు. నడుముకు తాడు కట్టి ఉంటుంది. అంత చలిలో, అంత గాలిలో గంటల తరబడి కాపలా కాశారు.

ఇక్కడే తెరిచి ఉన్న కాక్‌పిట్ ఇబ్బంది తెలుస్తుంది. శిక్షణ పొందిన ఆరుగురు వంతులు వేసుకుని చేసే పని అది. సెలవుల్లో తిరిగే భార్యాభర్తలిద్దరికి అంత ఓపిక ఎక్కడిది? ఎండలో ఆరు గంటలు కూర్చున్నవాడు, లేదా రాత్రంతా తడిసినవాడు, పొద్దున రేవులోకి వచ్చేటప్పుడు సరిగ్గా ఆలోచించలేడు. మెట్ల దారిలో ఎక్కి వచ్చి, ఆ వెంటనే లెక్కల పరీక్ష రాయమంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. అలసట కూడా ప్రమాదమే. కప్పు సుఖం కోసం మాత్రమే కాదు, తెలివి పనిచేయడం కోసం కూడా.

అందుకే హార్డ్‌టాప్ వచ్చింది. ఫైబర్‌గ్లాసు పలకో, అల్యూమినియం రేకో స్తంభాల మీద బిగిస్తారు. ముందు అద్దం ఉంటుంది, పక్కలూ వెనకా ఖాళీ. దీనితో లాభాలు చాలా ఉన్నాయి. ఎండ నేరుగా పడదు. పైన సౌరఫలకాలు పెట్టుకోవచ్చు. ఏడు చదరపు మీటర్ల కప్పు ఉంటే మధ్యాహ్నపు ఎండలో ఒక కిలోవాటు కరెంటు వస్తుంది. అంచుకు చిన్న గట్టు కట్టి గొట్టం పెడితే వాన నీళ్లు పట్టుకోవచ్చు. ఆ ఏడు చదరపు మీటర్ల మీద పది మిల్లీమీటర్ల వాన పడితే 70 లీటర్లు. సముద్రం మధ్యలో 70 లీటర్ల మంచినీళ్లంటే మాటలు కాదు.

మన తెప్ప చూడండి. స్తంభాలు, పైన మండపం, పక్కలు ఖాళీ. దేవుణ్ణి అందరూ చూడాలి కాబట్టి అలా కట్టారు. పడవలో లోపలివాడు అందరినీ చూడాలి కాబట్టి అలా కడతాం.

మరి నష్టాలు లేవా? ఉన్నాయి. మొదటిది వాన. కప్పుంటే తడవం అనుకుంటాం. తిరుమలలో కార్తీక మాసపు వానలు తెలిసినవాళ్లెవరూ ఆ మాట అనరు. రెండు మూడు మిల్లీమీటర్ల చినుకు సెకనుకు సుమారు ఏడెనిమిది మీటర్ల వేగంతో కిందికి పడుతుంది. గాలి కూడా సెకనుకు ఎనిమిది మీటర్లు వీస్తే, అంటే గంటకు 29 కిలోమీటర్లు, చినుకు 45 డిగ్రీల వాలులో వస్తుంది. కప్పు రెండు మీటర్ల ఎత్తున ఉంటే వాన రెండు మీటర్లు లోపలికి వస్తుంది. రెండున్నర మీటర్ల వెడల్పున్న కాక్‌పిట్‌లో ఇక పొడిగా మిగిలేది ఒక మూల.

రెండోది బరువు. కప్పు, ఫలకాలు, స్తంభాలు అన్నీ కలిపి 150 కిలోలు అనుకుందాం. పది టన్నుల పడవకు గురుత్వ కేంద్రం కన్నా రెండున్నర మీటర్ల పైన దాన్ని పెడితే ఆ కేంద్రం నాలుగు సెంటీమీటర్ల లోపే పైకి జరుగుతుంది. అడుగున బరువైన సీసపు కీలు ఉన్న పడవ దాన్ని తట్టుకుంటుంది. తేలికైన పడవ తట్టుకోకపోవచ్చు. లెక్క వేయకుండా బిగించకూడదు.

మూడోది తుఫాను. గుడ్డ కప్పయితే గాలి హెచ్చరిక రాగానే విప్పి మడిచి లోపల పెట్టుకోవచ్చు. గట్టి కప్పును విప్పలేం. అది గాలికి ఎదురు నిలబడాల్సిందే. ఇంకొకటి, తెరచాప అడుగున ఉండే బూమ్ అనే అడ్డకొయ్య కప్పుకు తగలకుండా పైకి జరగాలి. తల ఎత్తితే తెరచాప కనిపించదు కాబట్టి కప్పులో చిన్న కిటికీ పెట్టాలి.

ఇక మూడోది, అన్ని వైపులా మూసిన కాక్‌పిట్. చలి సముద్రాల వాళ్లకు ఇది ఎప్పటి నుంచో ఆశ. 1960లో అట్లాంటిక్ మీద మొదటి ఒంటరి తెరచాప పోటీ జరిగింది. అందులో బ్లాండీ హాస్లర్ అనే ఆంగ్లేయుడు జెస్టర్ అనే చిన్న పడవకు కాక్‌పిట్టే లేకుండా చేశాడు. డెక్కు అంతా మూసేసి మధ్యలో గుండ్రని రంధ్రం ఉంచి, అందులోంచి తల బయటపెట్టి నడిపి రెండో స్థానంలో వచ్చాడు. ఫ్రెంచి నావికుడు మొయిటెస్సియే తన జాషువా పడవలో లోపల కూర్చునే నడపడానికి ఒక చక్రం, తల పట్టేంత గుమ్మటం పెట్టించుకున్నాడు. 2019లో నీళ్లలోకి దిగిన హ్యూగో బాస్ అనే పోటీ పడవలో కాక్‌పిట్ పూర్తిగా మూసే ఉంది. మంచునీళ్లు ముఖం మీద కొడుతుంటే ఇవన్నీ న్యాయమైన ఏర్పాట్లే.

మన వేడి దేశానికి దాన్ని అలాగే తెచ్చి పెడితే ఏమవుతుంది? మే నెలలో తిరుపతి బస్టాండు దగ్గర అద్దాలు ఎత్తి కారు నిలిపి, రెండు గంటల తర్వాత తలుపు తీసి చూడండి. వెలుగు లోపలికి వస్తుంది, వేడి బయటకు పోదు. ఏసీ పెడితే దానికి జనరేటరు కావాలి. జనరేటరు పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి వాసన లేదు. ముందూ పక్కలూ మూసి వెనక మాత్రం తెరిచిన పడవ కదులుతుంటే, వెనక గాలి సుడి తిరిగి పొగను లోపలికే లాగుతుంది. అందుకే అలాంటి చోట అలారం తప్పనిసరి.

చూపు సంగతి మరొకటి. జిప్పుతో మూసే ప్లాస్టిక్ పారదర్శక తెరలు కొత్తలో అద్దంలా ఉంటాయి. ఎండకూ ఉప్పుకూ రెండు మూడేళ్లలో మసకబారతాయి. రాత్రిపూట లోపలి మీటర్ల వెలుగు వాటి మీద పడి మన ముఖమే మనకు కనిపిస్తుంది, ఎదురుగా వచ్చే వలపడవ కనిపించదు. మన తీరంలో రాత్రి వేళ దీపం సరిగ్గా లేని పడవలెన్నో తిరుగుతుంటాయి.

వీటన్నిటికీ ఏదో ఒక మందు ఉంది. మందు కష్టమైనది ఒకటే, బయటపడే దారి.

ఇప్పుడు గోదావరి దగ్గరికి వస్తాను. 2018 మే 15న మంటూరు దగ్గర ప్రయాణికుల లాంచీ మునిగింది. గాలీ వానా వస్తుంటే తలుపులు, కిటికీలు మూశారనీ, లోపలివారు బయటకు రాలేకపోయారనీ ఆనాటి పత్రికలు రాశాయి. పదహారు నెలలకే, 2019 సెప్టెంబర్ 15న, పాపికొండలు చూడటానికి వెళ్తున్న రాయల్ వశిష్ఠ కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో మునిగింది. అక్టోబర్ 22న ధర్మాడి సత్యం బృందం దాన్ని ఒడ్డుకు లాగినప్పుడు లోపల ఇంకా మృతదేహాలు ఉన్నాయి.

ఒక్కో ప్రమాదానికి అనేక కారణాలుంటాయి. వాటి మీద తీర్పు చెప్పడం ఈ వేదిక పని కాదు. కప్పూ గోడల వరకు మాత్రం చెబుతాను. మన ఫిజిక్స్ సార్ ముందు వరుసలోనే ఉన్నారు కాబట్టి లెక్కతో చెప్పి తీరాలి.

లాంచీ పక్కగోడ 15 మీటర్ల పొడవు, రెండు మీటర్ల ఎత్తు అనుకుందాం. 30 చదరపు మీటర్లు. గంటకు 54 కిలోమీటర్ల గాలి చదరపు మీటరుకు సుమారు 14 కిలోల బలంతో నెడుతుంది. గంటకు 90 కిలోమీటర్లయితే 38 కిలోలు. వేసవి సాయంత్రం గోదావరి మీద ఈదురుగాలి చెప్పి రాదు. కిటికీలన్నీ తెరిచి ఉంటే ఆ గాలిలో చాలావరకు ఈ వైపు నుంచి ఆ వైపుకు పోతుంది. కిటికీలు మూశామా, గోడంతా తెరచాప అయిపోతుంది. 90 కిలోమీటర్ల గాలిలో సుమారు 1,150 కిలోల బలం నీటి మట్టానికి పైన పడవను పక్కకు తోస్తుంది. వాన నుంచి కాపాడుకోవడానికి మూసిన కిటికీ పడవను పడదోసే చెయ్యి అవుతుంది.

పై అంతస్తు సంగతి. 25 టన్నుల పడవలో 40 మంది కింది నుంచి పైకి ఎక్కారనుకోండి. మనిషికి 65 కిలోలు, రెండున్నర మీటర్ల ఎత్తు. పడవ గురుత్వ కేంద్రం 26 సెంటీమీటర్లు పైకి జరుగుతుంది. ఇందాక హార్డ్‌టాప్‌కు నాలుగు సెంటీమీటర్లే అయింది. ఇక్కడ కప్పు బరువు కన్నా కప్పు మీద ఎక్కిన మనుషుల బరువే అసలు విషయం.

తలుపు సంగతి. 80 సెంటీమీటర్ల వెడల్పున్న తలుపు బయటివైపు అర మీటరు ఎత్తు నీళ్లు నిలిచాయి, లోపల ఇంకా రాలేదు అనుకుందాం. ఆ నీళ్లు తలుపును 100 కిలోల బలంతో నొక్కుతాయి. బయటకు తెరుచుకునే తలుపయితే భయపడ్డ మనిషి దాన్ని తోయలేడు. పక్కకు జరిగే తలుపు పట్టాల్లో బిగుసుకుపోతుంది. ఈ లెక్క తొమ్మిదో తరగతి పిల్లలు వేయగలరు. పడవ గీసేవాడు వేయకపోతే తప్పు ఎవరిది?

ఇంకొక సంగతి చాలామంది ఆలోచించరు. విమానంలో లైఫ్ జాకెట్‌ను బయటకు వచ్చాకే గాలి నింపమని చెబుతారు, విన్నారు కదా. ఎందుకంటే నీళ్లు నిండుతున్న గదిలో తేలే జాకెట్ మనిషిని కప్పుకు అతికిస్తుంది. కిందికి మునిగి తలుపు దాటనివ్వదు. మన లాంచీల్లో ఇచ్చేది ఎప్పుడూ తేలే ఫోమ్ జాకెట్. మూసిన గదిలో దానికీ ఇదే ఇబ్బంది. దీన్ని విని జాకెట్ తీసేయకండి. జాకెట్ వేసుకుని, తెరిచి ఉన్న చోట కూర్చోండి.

ఇన్ని చెప్పాక, "అయితే హార్డ్‌టాపే మంచిది, పక్కలు తెరిచి ఉంచితే సరి" అని మీరు తీర్పు ఇవ్వవచ్చు. మన వాతావరణానికి నేనూ చాలామందికి అదే చెబుతాను. కానీ మనిషిని చూడకుండా పడవ గీయకూడదు. అందుకొక ఉదాహరణ చెబుతాను.

మన బ్యాచ్‌లో ఒకడు బ్రిస్బేన్‌లో స్థిరపడ్డాడు. పేరు చెబితే ఇక్కడే ఈలలు వేస్తారు, అందుకని చెప్పను. 42 అడుగుల తెరచాప పడవ సెకండ్‌హ్యాండులో కొన్నాడు. రిటైరయ్యాక భార్యతో కలిసి గ్రేట్ బ్యారియర్ రీఫ్ దీవుల దాకా తిరగాలని. కాక్‌పిట్ తెరిచి ఉన్నది. దాన్ని నాలుగు వైపులా మూసి ఏసీ పెట్టిద్దామని నాకు ఫోను చేశాడు. నేను మామూలుగా చెప్పేదే చెప్పాను. అప్పుడు వాడి భార్య ఫోను తీసుకుంది. ఆ అమ్మకు లూపస్ అనే జబ్బు ఉంది. ఎండ తగిలితే దద్దుర్లు, జ్వరం, కీళ్లనొప్పులు, ఒక్కోసారి ఆస్పత్రి దాకా వెళ్లాలి. "అన్నా, ఆయనకు గాలి కావాలి, నాకు నీడ కావాలి. ఒకే పడవలో రెండూ కుదురుతాయా చెప్పు" అంది.

హార్డ్‌టాప్ ఒక్కటే ఆమెకు చాలదు. అతినీలలోహిత కిరణాలు సూర్యుడి నుంచి నేరుగానే రావు. ఆకాశం నిండా చెదిరి వస్తాయి, నీటి మీద నుంచి కొంత తుళ్లి వస్తాయి. కప్పు నీడలో కూర్చున్నా పక్కల నుంచి తగులుతాయి. మామూలు అద్దం కూడా అన్నిటినీ ఆపదు. పాలీకార్బొనేట్ పలక దాదాపు అన్నిటినీ ఆపుతుంది. ఆమెకు గోడ కావాలి. ఆ గోడే రేపు పడవ పడిపోతే ఆమెకు అడ్డం కాకూడదు.

మేము ముగ్గురం రెండు నెలలు మాట్లాడుకుని ఒక ఏర్పాటుకు వచ్చాం. గట్టి కప్పు, అంచులు మామూలు కన్నా ముందుకు జరిపి. ముందు వైపు పాలీకార్బొనేట్ పలకలు, మధ్యది తెరుచుకునేట్టు. పక్కలకు ప్లాస్టిక్ తెరలు లేవు, దగ్గరగా నేసిన నీడవల తెరలు. గాలి పోతుంది, కిరణాలు చాలావరకు ఆగుతాయి. వాటికి జిప్పులు పెట్టలేదు. కింది అంచు పట్టీతో అంటుకుని ఉంటుంది, భుజంతో తోస్తే ఊడి వస్తుంది. ఎండ ఏ వైపు ఉంటే ఆ వైపు తెర మాత్రమే దించాలి. వెనక వైపు ఎప్పుడూ తెరిచే ఉండాలి. గాలి హెచ్చరిక వస్తే తెరలన్నీ చుట్టేయాలి, ఆమె లోపలి క్యాబిన్‌లో మెట్ల పక్కన కూర్చోవాలి. చివరిది, ప్రతి ప్రయాణానికీ ముందు ఇద్దరూ కళ్లు మూసుకుని, పది లెక్కపెట్టేలోపు తాము కూర్చున్న చోటు నుంచి బయటకు రావాలి.

మావాడు గొణిగాడు. "ఒరే, ఇంత ఖర్చు పెట్టి చివరికి వానలో తడవమంటావా?" అన్నాడు. "తడువు. తడిస్తే ఆరతావు" అన్నాను. ఈమధ్య మూడు వారాల ప్రయాణం చేసి వచ్చారు. ఆమె రెండే ముక్కలు రాసింది. "దద్దుర్లు రాలేదన్నా. తడిశాం మాత్రం బాగా."

కప్పు ఎంత కావాలో ఎండా, వానా, మన ఒళ్లూ చెబుతాయి. అది ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది, ఉండాలి కూడా. కానీ కాగితం మీద ముందు గీయాల్సింది కప్పు కాదు, బయటకు వచ్చే దారి. ఆ దారి గీశాక దానికి అడ్డం రాకుండా ఎంత కప్పు, ఎంత గోడ కావాలంటే అంత పెట్టుకోవచ్చు. కప్పూ గోడా ముందు గీసి, మిగిలిన సందులో తలుపు ఇరికిస్తేనే చిక్కు. నా ముప్పై ఏళ్ల పనిలో నాకు గట్టిగా తెలిసింది ఇదే.

ఇక్కడున్న మనలో సొంత పడవ కొనేవాళ్లు ఎంతమందో తెలియదు గానీ, పాపికొండలకో, భవానీ ద్వీపానికో, కేరళ బ్యాక్‌వాటర్స్‌కో వెళ్లనివాళ్లు తక్కువ. ఎక్కినప్పుడు నాలుగు పనులు చేయండి. కూర్చునే ముందు బయటకు వచ్చే దారులు రెండు చూసుకోండి. ఒకటి మూసుకుపోతే రెండోది ఉండాలి. జాకెట్ బొత్తాలు పెట్టుకుని తెరిచి ఉన్న వైపు కూర్చోండి. పిల్లలను, వయసైనవాళ్లను లోపలి మూలకు కాదు, దారి పక్కన కూర్చోబెట్టండి. గాలి లేచి, ఎవరైనా కిటికీలు మూయమంటే, మూయవద్దని, పడవను ఒడ్డుకు చేర్చమని సరంగును అడగండి. అడగడానికి మొహమాటపడకండి. నలుగురు అడిగితే సరంగుకూ ధైర్యం వస్తుంది.

ఇప్పటి పిల్లలకు ఒక మాట. దేశంలో నదీ పడవల కోసం 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో కొత్త చట్టం వచ్చింది. చట్టం ఉంటే చాలదు. ఆ పడవలను గీయడానికి, తనిఖీ చేయడానికి లెక్క తెలిసినవాళ్లు కావాలి. ఈ రోజు నేను చెప్పిన లెక్కల్లో ఒక్కటి కూడా ఈ బడి పాఠ్యపుస్తకం దాటలేదు. నీటి పీడనం, గురుత్వ కేంద్రం, వేగాల త్రిభుజం, అంతే. ఇవి నల్లబల్ల మీద సుద్దముక్కతో నేర్పిన అయ్యవార్లు ఇక్కడే ఉన్నారు. వారికి నా నమస్కారం. మీలో ఒకరిద్దరు ఈ పనికి వస్తే, చూపించడానికి నా బల్ల మీద గీతలు చాలా ఉన్నాయి. సముద్రం చూడలేదని వెనకాడకండి.